ఉద్యోగం మార్చుకున్న బిషప్ అజరయ్య



ద్రాక్షారామం, రామచంద్రపురం, అమలాపురం, రాజోలు ప్రాంతాల సంఘాల్లో ఆదివారం ఆరాధన ముగిశాక చదివే ప్రార్థన విన్నపాల్లో ఉద్యోగాల సంగతి లేని వారం అరుదు. ఊళ్లో బడి పంతులు పని వదిలి హైదరాబాదు కంపెనీకి వెళ్లాలా? గల్ఫు వీసా వచ్చింది, పోవాలా మానాలా? మంచి జీతం వదులుకొని పరిచర్యలోకి దిగాలా? మన బిడ్డలు ఇలా అడుగుతూనే ఉంటారు. సరేనని మాట ఇచ్చాక మళ్లీ సందేహం. రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాక నిద్ర పట్టదు. ఈ ఊగిసలాటను అవిశ్వాసమని కోప్పడే పెద్దలు మనలో ఉన్నారు. దాన్ని సాకుగా చేసుకొని ఏళ్ల తరబడి కదలనివారూ ఉన్నారు. ఇద్దరి నిమిత్తమూ ఈ వారం బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి జీవితాన్ని జ్ఞాపకం చేసుకుందాం.

మన డెల్టా సంఘాలు చాలావరకు బాప్టిస్టు, బ్రదరన్ పరిచర్యల ఫలం. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘానికి చెందినవారు. అయినా తెలుగు క్రైస్తవులందరికీ ఆయన పేరు ఎరుకే. అయితే ఆయన పుట్టుకతో తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లా వెళ్లాళన్‌విళైలో ఒక గ్రామ పాదిరి ఇంట పుట్టిన తమిళుడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని, పరీక్షల వేళ జబ్బు పడి పట్టా లేకుండానే బయటికి వచ్చారు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరారు. అదే ఆయన మొదటి ఉద్యోగం. దక్షిణ భారతమంతా తిరగడం, యువకులను కూడగట్టడం, సభల్లో మాట్లాడడం ఆయన పని. అమెరికా నుంచి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ ఆయనకు తోటి పనివాడు, ప్రాణస్నేహితుడు.

1902లో అజరయ్య గారు సిలోను వెళ్లారు. అక్కడ జాఫ్నా తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో బయటికి సువార్తికులను పంపడం చూశారు. వాళ్లకంటే ఎన్నో రెట్లు పెద్దదైన తిరునల్వేలి సంఘం ఆ పని ఎందుకు చేయడం లేదన్న ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. మరుసటి ఏడు, 1903 ఫిబ్రవరిలో, ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. డబ్బు మనదే, మనుషులు మనవాళ్లే, నడిపించేదీ మనమే అన్నది దాని పద్ధతి. ఆ సొసైటీ ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. 1905 క్రిస్మస్ నాడు సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ కూడా మొదలైంది. దాని స్థాపనలోనూ అజరయ్య గారు ముందు నిలిచారు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. ఈ ఏళ్లన్నీ ఆయన ఇతరులను వెళ్లమని పిలుస్తున్నారు. తాను మాత్రం వై.ఎం.సి.ఎ.లోనే ఉన్నారు. వెళ్లండి అని వేదిక మీద చెప్పిన మాట చివరికి ఆయన మీదికే తిరిగింది: మరి నేను? జాఫ్నా చూసింది 1902లో. ఉద్యోగం వదిలి, అభిషేకం పొంది డోర్నకల్ చేరింది 1909లో. మధ్య ఏడేళ్లు.

ఆలోచించడానికి కారణాలు తక్కువేమీ కావు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారితో వివాహమైంది. పిల్లలు ఉన్నారు. దేశమంతా పేరు తెచ్చిన పదవి ఉంది. వెళ్లవలసింది భాష రాని అడవి ప్రాంతానికి, ఎక్కువగా మాల మాదిగ పల్లెల్లోని నిరుపేదల మధ్యకు. నడివయసుకు చేరువవుతున్న మనిషి తెలుగు ఓనమాలతో మొదలుపెట్టాలి. తిరునల్వేలి సంఘాల కానుకల మీద ఆధారపడాలి. ఇవన్నీ లెక్క చూసుకోకుండా దూకమని మన ప్రభువు ఎవరికీ చెప్పలేదు. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోవడం ఆయన చెప్పిన ఉపమానంలోనే ఉంది.

కాని ఆ ఏడేళ్లూ చేతులు ముడుచుకొని కూర్చున్న కాలం కాదు. ఉన్న పనిని నమ్మకంగా చేస్తూనే, పిలుపు ఎటు వినిపిస్తోందో అటు ఒక్కో అడుగు వేశారు. సొసైటీని నిలబెట్టారు, డబ్బు కూడగట్టారు, ముందుగా ఇతరులను పంపించారు. చివరికి తానే వెళ్లారు. పాత ఉద్యోగం మీద అలిగి వెళ్లలేదు. అక్కడ నేర్చిన ప్రయాణం, నిర్వహణ, ప్రసంగం అన్నీ డోర్నకల్‌లో అక్కరకు వచ్చాయి. అన్బు గారు అక్కడి స్త్రీల మధ్య పరిచర్య చేశారు. ఒకరి ఉద్యోగం మారితే ఇల్లంతా మారుతుందని ఆ దంపతులు చూపించారు.

మారాక సందేహాలు తీరిపోయాయా? బయటివారి సందేహాలైతే ఇంకా పెరిగాయి. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెతీడ్రల్‌లో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. భారతీయుడికి ఆ పదవి ఏమిటని కొందరు మిషనరీలు అడ్డుచెప్పారు. సొంత తిరునల్వేలి క్రైస్తవుల్లోనూ వ్యతిరేకత వచ్చింది. జవాబు ఆయన పనే చెప్పింది. తెలుగు నేర్చి తెలుగులో ప్రసంగించారు. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ తన తల మీద తానే చెయ్యి పెట్టుకొని, సువార్త చెప్పడం తన బాధ్యత అని ఒప్పుకొనేలా చేశారు. వంట చేసే ముందు దేవుని పేర పిడికెడు బియ్యం తీసి పెట్టే అలవాటును పల్లె పల్లెకూ నేర్పారు. పట్టా లేకుండా కాలేజీ వదిలిన ఆయనకు 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మన దేశపు కట్టడాల పోలికలతో కట్టించిన డోర్నకల్ కెతీడ్రల్ 1939 జనవరిలో ప్రతిష్ఠ అయింది. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. ఆయన ఎంతో ప్రయాసపడిన సంఘాల ఐక్యత 1947లో దక్షిణ ఇండియా సంఘంగా రూపు దాల్చింది. దాన్ని ఆయన కళ్లారా చూడలేదు.

ఉద్యోగం మారాలా వద్దా అని తల్లడిల్లుతున్న సహోదరులకు, సహోదరీలకు మేము చెప్పేది ఇదే. ప్రతి మార్పూ దేవుని పిలుపు కాదు, ప్రతి సందేహమూ అవిశ్వాసం కాదు. సందేహం మిమ్మల్ని ప్రశ్నలు అడగనివ్వండి: అప్పు ఎంత ఉంది, ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు, అక్కడి పని మనకు చేతనవునా, ఎవరి మీద కోపంతోనైనా వెళ్తున్నామా? ఏజెంటు మాట నమ్మి పొలం తాకట్టు పెట్టేముందు, ఆ దేశంలో పని చేసి వచ్చినవారిని కనుక్కోండి. పరిచర్యలోకి రావాలనుకునేవారు ఉద్యోగం చేస్తూనే ఆదివారపు బడిలో, పల్లె కూటాల్లో ముందు పని మొదలుపెట్టి చూడండి. జవాబులు దొరికాక కదలండి. కదిలాక, అక్కడి భాషా అక్కడి పనీ నేర్చుకోవడానికి తల వంచండి.

సంఘ పెద్దలకూ ఒక మనవి. ఈ ఆదివారం అలాంటి విన్నపం వస్తే తొందరపడి తీర్పు చెప్పకండి. ఆరాధన అయ్యాక ఆ బిడ్డ పక్కన కూర్చుని అంతా వినండి, లెక్కలు చూడండి, కలిసి ప్రార్థించండి.