కార్యశాలే పాఠశాల

విని నేర్చిన విద్య కొంత, చేసి నేర్చిన విద్య కొంత. విన్నది మరపునకు లోను కావచ్చు గాని, చేతులారా చేసి, చెడి, తిరిగి చక్కదిద్దుకొన్నది జీవితాంతం నిలుస్తుంది. ఈ సత్యాన్ని భారతదేశపు సాంకేతిక విద్యలో ఆచరించి చూపిన మహనీయుడు ఆచార్య సతీశ్ ధావన్.

ధావన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. పంజాబు విశ్వవిద్యాలయంలో గణిత, భౌతికశాస్త్రాలతో బి.ఏ., ఆంగ్లసాహిత్యంలో ఎం.ఏ. పూర్తిచేసి, 1945లో మెకానికల్ ఇంజనీరింగు పట్టం పొందారు. ఇన్ని విద్యలు ఒకే విద్యార్థిలో సంగమించడం అరుదు. అనంతరం అమెరికాకు వెళ్లి, 1951లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో డాక్టరేటు సాధించారు.

ఆ ఏడాదే ఆయన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. విమానం చుట్టూ గాలి ప్రవహించే తీరును పరీక్షించడానికి వాయుసొరంగం అనే సాధనం కావాలి. ధ్వనివేగాన్ని మించిన ప్రవాహాన్ని పుట్టించే సొరంగం నాటికి దేశంలో లేదు. ధావన్ దానిని సంస్థలోనే నిర్మించ పూనుకొన్నారు. ఇతరులు వాడి విడిచిన సామగ్రిని సైతం నేర్పుతో వినియోగించారు. ఇటువంటి నిర్మాణానికి ఒక్క శాస్త్రం చాలదు. ప్రవాహాన్ని లెక్కించడానికి గణితం, గాలిని అధిక పీడనంతో నిల్వచేయడానికి యంత్రశాస్త్రం, మార్పులను కొలవడానికి భౌతిక, విద్యుచ్ఛాస్త్రాలు చేయి కలపాలి. అందువల్ల కార్యశాలే విద్యార్థులకు పాఠశాల అయింది. రొద్దం నరసింహ వంటి శాస్త్రవేత్తలు ఆయన శిష్యరికంలో ఎదిగినవారే.

1962లో ధావన్ ఆ సంస్థకు సంచాలకులయ్యారు. ఆయన హయాంలోనే, 1974లో, ఆచార్య అమూల్య రెడ్డి నాయకత్వాన గ్రామాల అవసరాలకు శాస్త్రాన్ని అన్వయించే ‘అస్త్ర’ విభాగం వెలసింది. కట్టెలు పొదుపు చేసే పొయ్యి, గోబర్ గ్యాస్ వంటివి అక్కడ పరిశోధనాంశాలయ్యాయి. మంచి పొయ్యికి దహనశాస్త్రం ఎంత అవసరమో, దానిపై వండే ఇల్లాలి అలవాట్లు తెలియడమూ అంతే అవసరం. పుస్తకంలో దొరకని ఆ పాఠం పల్లెలోనే లభిస్తుంది.

1972లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ బాధ్యత కూడా ఆయన భుజాలపై పడింది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ఎగిరిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు బంగాళాఖాతంలో కూలింది. ఆ పథకానికి నాయకుడు అబ్దుల్ కలాం. అయినా ధావన్ విలేకరుల ఎదుట నిలిచి, వైఫల్యానికి బాధ్యత తనదేనని ప్రకటించారు. తప్పు ఎక్కడ జరిగిందో శోధించి సరిదిద్దే అవకాశం యువబృందానికి దక్కింది. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. ఆనాడు మాత్రం ధావన్ వెనుక నిలిచి, విలేకరులతో మాట్లాడే గౌరవాన్ని కలాంకు అప్పగించారు.

చేసి నేర్చుకొనే విద్యలో పొరపాట్లు తప్పవు. శిష్యుని ఓటమిని తాను భరించి, గెలుపును శిష్యునికి విడిచిపెట్టే గురువు ఉన్నచోటనే ఆ విద్య ఫలిస్తుంది. ధావన్ 2002 జనవరి 3న కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్ తీరాన ఉన్న శ్రీహరికోట కేంద్రం ఆ సంవత్సరమే ఆయన పేరును ధరించింది. అక్కడినుండి నింగికెగసే ప్రతి రాకెట్టూ ఆ గురుత్వాన్ని స్మరింపజేస్తుంది.