ఓటో లేమన్

చలికాలమున కోస్గి ప్రాంతపు ఇండ్లలో పేరిన నెయ్యి సెగ తగిలినంతనే కరగును. చల్లారిన మరల పేరుకొనును. ఘనద్రవ స్థితుల నడుమ వేరొక స్థితి యుండునని చూచువారెవరును తలపరు. పూర్వము శాస్త్రజ్ఞులును తలపలేదు. అట్టిది కొన్ని పదార్థములకు కలదని చాటి, ముప్పది యేండ్లకు పైగా వాదించినవాడు ఓటో లేమన్.

ఆయన 1855 జనవరి 13వ తేదీన జర్మన్ దేశమున కాన్‌స్టాన్స్ పట్టణమందు జన్మించెను. తండ్రి గణితోపాధ్యాయుడు, సూక్ష్మదర్శినులన్న ఆయనకు మిక్కిలి మక్కువ. ఆ మక్కువ కుమారునకును అబ్బెను. లేమన్ స్ట్రాస్‌బర్గ్‌లో చదివి, కొంతకాలము పాఠశాలలో బోధించెను. పదార్థమును వేడిచేయుచు, చల్లార్చుచు, అది స్ఫటికముగా మారు తీరును కన్నులార చూచుటకు వీలగు సూక్ష్మదర్శినిని ఆయన రూపొందించుకొనెను. దానికి ధ్రువణకములను కూడ అమర్చెను.

1888 మార్చి నెలలో ఆయనకు ప్రేగ్ నగరమునుండి పెద్ద జాబొకటి వచ్చెను. వ్రాసినవాడు ఫ్రెడరిక్ రైనిట్జర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు. క్యారెట్టు దుంపలలోని కొలెస్టెరాల్‌ను పరిశీలించుచుండగా ఆయనకొక వింత కనబడెను. కొలెస్టెరిల్ బెంజోయేట్ 145.5 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగెను. కాని తేటపడక పాలవలె మసకగా నుండెను. 178.5 డిగ్రీల వద్ద ఆ మసక తటాలున విడిపోయెను. చల్లార్చునప్పటి దృశ్యము మరింత చిత్రమైనది. తేట ద్రవమున ఊదా, నీలి రంగులు మెరసి మాయమయ్యెను. పిదప ద్రవము మసకబారెను. గడ్డకట్టు వేళ ఆ రంగులే మరల కానవచ్చెను. ఒకే పదార్థమునకు రెండు ద్రవీభవన స్థానములా?

లేమన్ ఆ పదార్థమును తన సూక్ష్మదర్శినిలో చూచెను. అడ్డముగా నిలిపిన రెండు ధ్రువణకముల నడుమ సామాన్య ద్రవము చీకటిగానే కనబడును. ఈ మసక ద్రవము మాత్రము వెలుగొందెను. అది స్ఫటికముల లక్షణము. ప్రవహించుచున్నది, అయినను స్ఫటికమువలె ప్రవర్తించుచున్నది! 1889లో లేమన్ వీనిని ప్రవహించు స్ఫటికములని ప్రకటించెను. ఆ యేడే ఆయన కార్ల్‌స్రూ నగరమున హెర్ట్జ్ పండితుని పదవికి వచ్చెను.

పెద్దలు ఒప్పుకొనలేదు. టమ్మాన్, నెర్నెస్ట్ వంటివారు, చిలికిన నూనె నీళ్లవలె ఇది రెండు ద్రవముల మిశ్రమమే యనిరి. ఆ సందేహము అసంగతమైనది కాదు. పాలు తెల్లగా నుండుట కొవ్వు బిందువుల చేతనే కదా. కాని మలినమే కారణమైనచో శుద్ధిచేసిన కొలది మసక తగ్గవలెను. అది తగ్గలేదు. హాలె నగరమున వోర్లాండర్ అట్టి పదార్థములను అనేకముగా తయారుచేసి, వాని అణువులు పొడవైనవని చూపెను. పొడవైన అణువులు కదలుచునే ఒక దిశగా ఒరిగియుండును. కొలెస్టెరిల్ బెంజోయేట్‌లో ఆ దిశ మెట్లమెలికవలె క్రమముగా తిరుగును. ఆ మెలిక కాంతి తరంగముల పొడవుకు సరిపోయినప్పుడు ఒక రంగు ప్రత్యేకముగా ప్రతిఫలించును.

కీర్తి లేమన్‌కు దక్కుచుండగా, తొలుత చూచినవాడను నేనని రైనిట్జర్ 1908లో ప్రకటించెను. అది న్యాయమైన మాటయే.

నోబెల్ బహుమానమునకు లేమన్ పేరు పలుమారులు ప్రతిపాదింపబడెను. బహుమానము మాత్రము రాలేదు. 1922 జూన్ 17న ఆయన మరణించెను. ఆ సంవత్సరమే ఫ్రాన్సులో ఫ్రీడెల్ ఈ స్థితులను మూడు తెగలుగా విభజించెను. ద్రవ స్ఫటికములను పేరు ఆయనకు నచ్చలేదు. అయినను ఆ పేరే నిలిచెను. 1970ల నాటి గడియారములపై అంకెలు చూపిన పలకలకును అదియే పేరయ్యెను.