నాలుగో మితిని చూసిన ఇల్లాలు

టెసరాక్ట్ అనే మాట మా అమ్మాయికి సినిమా వల్ల తెలిసింది. 2012లో అవెంజర్స్ చూసి వచ్చి, అందులో నీలంగా మెరిసే ఆ పెట్టెకి ఆ పేరెందుకని అడిగింది. అప్పటికి మేము సన్నీవేల్ వచ్చి ఆరేళ్లు. నేను ఎమ్మెస్సీ లెక్కలు చదివిన దాన్నే. కానీ హెచ్-4 వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేదు కనుక, నా లెక్కలన్నీ పచారీ బిల్లుల దగ్గరే ఆగిపోయాయి. జవాబు చెప్పలేక సిగ్గుపడి, లైబ్రరీకి వెళ్లి పుస్తకాలు తెచ్చుకున్నాను. అక్కడ పరిచయమైంది అలీషియా బూల్ స్టాట్.

ఇంటిపేరు చూడగానే మావారు ఉలిక్కిపడ్డారు. ఆయన చిప్ డిజైన్ ఇంజనీరు. అవును, ఆ బూల్ గారి అమ్మాయే. జార్జ్ బూల్ రాసిన తర్కగణితాన్ని 1937లో క్లాడ్ షానన్ విద్యుత్ స్విచ్చులకు అన్వయించాడు. ఈ సమావేశాలకు వచ్చిన వారిలో ఎంతమంది ఇళ్లు ఆ గణితం పెట్టిన అన్నం తింటున్నాయో వేరే చెప్పక్కర్లేదు. అలీషియా తల్లి మేరీ ఎవరెస్ట్. శిఖరానికి పేరిచ్చిన సర్వేయర్ జార్జ్ ఎవరెస్ట్‌కి స్వయానా అన్నదమ్ముల బిడ్డ. ఆ ఎవరెస్ట్ 1818లో హైదరాబాదులో లాంబ్టన్ దొర కింద సహాయకుడిగా చేరి, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో భూమిని త్రిభుజాలుగా కొలుస్తూ జ్వరాల పాలయ్యాడు. అంటే మన ప్రాంతానికీ ఈ కుటుంబానికీ చిన్న చుట్టరికం ఉన్నట్టే!

అలీషియా 1860లో ఐర్లండులోని కార్క్ పట్టణంలో పుట్టింది. అయిదుగురు ఆడపిల్లల్లో మూడోది. నాలుగేళ్ల వయసులో తండ్రి పోయాడు. తల్లి లండన్ వెళ్లి ఉద్యోగంలో చేరితే, ఈ పిల్ల చాలాకాలం కార్క్‌లో అమ్మమ్మ దగ్గరే పెరిగింది. కాలేజీ గడప తొక్కలేదు. రేఖాగణితంలో యూక్లిడ్ మొదటి రెండు పుస్తకాలు, అంతే ఆమె చదువు.

మలుపు తిప్పినవాడు అక్క భర్త హోవర్డ్ హింటన్. టెసరాక్ట్ అనే పేరు పెట్టింది ఆయనే, 1888లో. (తర్వాత అమెరికా వచ్చి ప్రిన్స్‌టన్‌లో బేస్‌బాల్ విసిరే యంత్రం కూడా చేశాడు. ఆయన కథ పెద్దది, ఇక్కడ వద్దు.) చిన్న చిన్న చెక్క ఘనాలకు ఒక్కోదానికి ఒక్కో లాటిన్ పేరు పెట్టి, వాటిని పేర్చి మరదళ్లకు నాలుగో మితిని ఊహించడం నేర్పేవాడు. మిగతావాళ్లకి అది ఆట. అలీషియా మాత్రం గురువును దాటిపోయింది.

1890లో లివర్‌పూల్ ప్రాంతంలో బీమా లెక్కలు వేసే వాల్టర్ స్టాట్‌తో పెళ్లయింది. ఇద్దరు పిల్లలు, చాలీచాలని డబ్బు, ఇంటి పని. ఆ సందుల్లోనే ఆమె నాలుగు మితుల్లో సమరూప ఘనాలు సరిగ్గా ఆరే ఉంటాయని తనంతట తాను కనుక్కుంది. ఘనాలు మొదలైన త్రిమితీయ రూపాలనే ముఖాలుగా చేసుకున్నవి అవి: 5 ముఖాలది ఒకటి, 8 ఘనాల టెసరాక్ట్, ఇంకా 16, 24, 120, 600 ముఖాలవి. స్విట్జర్లండులో ష్లాఫ్లి ఈ సంగతి 1852కే రాసిపెట్టాడు గానీ, ఆయన గ్రంథం పూర్తిగా అచ్చయింది 1901లో, ఆయన చనిపోయాక! అలీషియాకి ఆ ఊసే తెలియదు.

ఈ రూపాలన్నిటికీ కలిపి ఇంగ్లీషులో పాలీటోప్ అనే మాట వాడుకలోకి తెచ్చింది ఆమే. జర్మనులో హోపె అనే ఆయన ఇలాంటి మాటే అంతకుముందు వాడాడు. మనకి రెండు మితుల్లో బహుభుజి ఉంది, మూడింట్లో బహుముఖి ఉంది. ఆ పై మెట్టు రూపాలకు పేరన్నమాట.

కంటికి ఆననిదాన్ని ఆమె ఎలా చూసింది? వంటింటి భాషలో చెబుతాను. ఘనంగా ఉన్న పనీర్ ముక్కని మూల మీద నిలబెట్టి పైనుంచి అడ్డంగా కోస్తూ రండి. ముందు చిన్న త్రిభుజం, నడుమకు వచ్చేసరికి షడ్భుజి, కింద మళ్లీ త్రిభుజం. ఆ ముక్కల్ని వరసగా చూస్తే అసలు ఆకారం అర్థమవుతుంది. అలాగే నాలుగు మితుల వస్తువుని కోస్తే వచ్చే ముక్కలు మన మూడు మితుల ఘనాలు. 600 ముఖాలదాన్ని శీర్షం వైపునుంచి కోస్తూ పోతే, శీర్షాలు తగిలే చోటల్లా ముందు ఒక్క బిందువు, తర్వాత 12, 20, 12, సరిగ్గా మధ్యన 30, ఆపైన అదే వరస వెనక్కి. కూడితే 120 శీర్షాలు. ఆ ముక్కలన్నిటినీ ఆమె అట్టతో కత్తిరించి, రంగులు వేసి అతికించింది.

హాలండులోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో స్కౌట అనే ప్రొఫెసర్ ఇవే ముక్కల మీద వ్యాసం రాశాడని ఆమెకు చూపించింది భర్తే. తన అట్ట బొమ్మల ఫోటోలు పంపింది. ఆయన నిర్ఘాంతపోయి, ఇంగ్లండు వచ్చి కలిశాడు. దాదాపు ఇరవై ఏళ్లు ఇద్దరూ కలిసి పని చేశారు. ఆమె చూసేది, ఆయన గణిత పద్ధతిలో నిరూపించేవాడు. 1900లోనూ 1910లోనూ ఆమె పరిశోధనల్ని ఆమ్‌స్టర్‌డామ్ అకాడమీ అచ్చువేసింది. స్కౌట 1913లో పోయాడు. మరుసటి ఏడు గ్రోనింగెన్ తన మూడు వందల ఏళ్ల ఉత్సవాల్లో ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

తర్వాత పదిహేనేళ్లకు పైగా లెక్కల ఊసు లేదు, మళ్లీ ఇల్లే. ఈ భాగం చదివినప్పుడు నాకు మనసు కలుక్కుమంది. 1930లో అక్క కొడుకు జెఫ్రీ టేలర్, కాక్సెటర్ అనే 23 ఏళ్ల కుర్రాణ్ణి తీసుకొచ్చాడు. ఆమెకు డెబ్భై. ఆ కుర్రాడు ఆలిస్ ఆంటీ అని పిలుస్తూ పక్కన చేరితే, ఆమె మళ్లీ కత్తెర పట్టుకుంది! 1940లో పోయేదాకా వాళ్ల స్నేహం సాగింది. కాక్సెటర్ ఆ రంగంలో మహాపండితుడయ్యాడు.

మా అమ్మాయీ నేనూ ఆ వేసవిలో సామాన్లు వచ్చిన అట్టపెట్టెలు కోసి, 12 శీర్షాల ముక్క, 20 శీర్షాల ముక్క చేశాం. మూడోది వంకర పోయింది. 2015లో నాలాంటి కొందరికి పని అనుమతి వచ్చాక, నేను పిల్లలకు జామెట్రీ చెప్పడం మొదలుపెట్టాను. మొదటి క్లాసుకి ఆ రెండు ముక్కలూ సంచిలో పెట్టుకుని వెళ్లాను.