బీజసంఖ్య - జాన్ వాన్ న్యూమన్

పాచికలు వేయువాడు ఒకసారి పడిన పందెమును కోరి మరల పడవేయజాలడు. ఆటకు అందమంతయు అందులోనే కలదు. గణితజ్ఞునకు మాత్రము ఒక్కొక్కప్పుడు ఎటు పడునో తెలియని పాచికలే కావలెను. అవి అడిగినప్పుడు అదే వరుసలో మరల పడవలెను కూడ. విరుద్ధములుగా తోచు ఈ రెండు కోరికలను ఒక్కచోట కూర్చినవాడు జాన్ వాన్ న్యూమన్.

ఆయన 1903 డిసెంబరు 28న బుడాపెస్టు నగరమున ఒక బ్యాంకరు ఇంట జన్మించెను. గణితము కూడు పెట్టదని తండ్రి భయము. కావున 1926లో జూరిచ్‌లో రసాయనిక ఇంజనీరింగు పట్టమును, బుడాపెస్టులో గణిత డాక్టరేటును రెండును సంపాదించెను. 1930లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ చేరి, 1933లో అచటి ఉన్నతాధ్యయన సంస్థలో ఆచార్యుడయ్యెను.

1946లో ఆయన మిత్రుడు స్టానిస్లావ్ ఉలాం జబ్బుపడి కోలుకొనుచు పేకముక్కలతో ఒంటరియాట ఆడుచుండెను. గెలుచు అవకాశమెంతయో సూత్రములతో తేల్చుటకంటె, పలుమార్లు ఆడి గెలుపులను లెక్కించుట సులభమని ఆయనకు తట్టెను. న్యూమన్ ఈ యూహను అందుకొని, 1947 మార్చిలో రాబర్ట్ రిచ్‌మయర్‌కు వ్రాసిన లేఖలో విస్తరించెను. అణ్వస్త్రమున న్యూట్రాను ఎటు పోవునో, దేనిని తాకునో యాదృచ్ఛిక సంఖ్యలచే నిర్ణయించి లెక్కించుట ఆ పద్ధతి. ప్రయోజనము సౌమ్యమైనది కాదు. పద్ధతి మాత్రము తరువాత అనేక శాస్త్రములకు ఉపకరించెను.

1948లో ఈ లెక్కలు ఎనియాక్ యంత్రముపై నడచెను. ఆదేశములను వ్రాయుటలో ఆయన భార్య క్లారా ముఖ్యురాలు. సుమారు 18,000 వాక్యూమ్ గొట్టములు గల ఆ యంత్రమున ఏదో యొకటి చెడుచునే యుండెడిది. ఫలితము వింతగా నున్నచో అది యాదృచ్ఛికత వలననా, గొట్టము చెడుట వలననా? నిజమైన పాచికలు వాడినచో తేల్చుట యెట్లు? ఆ వరుస మరల రాదు. సంఖ్యలన్నియు దాచుకొందమన్న యంత్రమునకు అంత జ్ఞాపకశక్తి లేదు.

న్యూమన్ ఒక ఉపాయము పన్నెను. ఒక సంఖ్యకు వర్గము కట్టి నడిమి అంకెలను గ్రహించుట, వానికి మరల వర్గము కట్టుట. 1234 వర్గము 01522756. నడిమి నాలుగంకెలు 5227. దాని తరువాత 3215, ఆపై 3362. మొదటి సంఖ్యయే బీజము. దాని నొక్కదానిని గుర్తుంచుకొన్నచో వరుస యంతయు మరల మొలచును. అదే బీజముతో వేరు ఫలితము వచ్చినచో తప్పు యంత్రమునదే.

అయితే ప్రతి విత్తును మంచిది కాదు. 3792 వర్గము 14379264. నడుమ మరల 3792యే! 6100తో ఆరంభించినచో 2100, 4100, 8100, మరల 6100: గానుగెద్దు ప్రదక్షిణము. న్యూమన్ ఈ లోపము నెరుగును. చెడిన వరుస వెంటనే కంటబడుట దీనియందలి సుగుణమని ఆయన వాదము.

1955లో ఆయనకు క్యాన్సరు సోకినట్లు తెలిసెను. 1957 ఫిబ్రవరి 8న వాషింగ్టనులో తన 53వ యేట మరణించెను.

నడిమి అంకెల పద్ధతి వెనుకబడినది, బీజము నిలిచినది. కంప్యూటర్ల నెట్‌వర్కును అనుకరించి పరీక్షించువారు నేడును సందేశముల రాకను యాదృచ్ఛిక సంఖ్యలతోనే కల్పింతురు. బీజమును వ్రాసియుంచనిచో ఇతరు లాఫలితమును సరిచూడలేరు. పలు బీజములు పరీక్షించి, అనుకూలించిన దానినే ప్రకటించుట మరియొక దోషము. అట్టి పాచికలు శకునికే చెల్లును. ఎన్‌ఎస్-3 అను అనుకరణ సాధనమున బీజమును స్థిరముగా నుంచి, పరుగుసంఖ్యను మాత్రము మార్చుచు పలుమార్లు నడుపుట మేలని చెప్పుదురు. ఒక్కొక్క పరుగునకు ఒకే వరుసనుండి వేరువేరు భాగములు లభించును.