గణిత మేధావి కాంటరోవిచ్

రైల్వే వ్యవస్థలో సరుకు దించిన చోట ఖాళీ వ్యాగన్లు మిగులుతాయి. గనుల వద్ద, కర్మాగారాల వద్ద సరుకు నింపడానికి అవి చాలక కొరత ఏర్పడుతుంది. ఏ స్టేషనులోని ఖాళీ వ్యాగన్లను ఎక్కడికి పంపితే వృథా ప్రయాణం తగ్గుతుంది? ఇటువంటి సమస్యలకు గణితమార్గం చూపిన ప్రముఖులలో లియొనిద్ కాంటరోవిచ్ ఒకరు.

ఆయన 1912 జనవరి 19న రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో జన్మించారు. తండ్రి వైద్యుడు. బాల్యంలోనే, 1922లో, పితృవియోగం కలిగింది. కాంటరోవిచ్ పద్నాలుగో ఏట లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయంలో చేరి, 1930లో పట్టభద్రులయ్యారు. 1934లో ఆచార్య పదవిని పొందారు.

1938లో ఒక ప్లైవుడ్ సంస్థ ఆయన సహాయం కోరింది. ఐదు రకాల కలపను ఎనిమిది యంత్రాలకు ఏ విధంగా పంచితే ఉత్పత్తి అధికమవుతుందన్నది వారి ప్రశ్న. పంటభూముల కేటాయింపు, సరుకుల రవాణా వంటి సమస్యలు కూడా ఇదే స్వరూపం కలవని ఆయన గ్రహించారు. 1939లో ప్రకటించిన చిన్న గ్రంథంలో ఈ విషయాన్ని వివరించారు. ఈ శాస్త్రమే తరువాత లీనియర్ ప్రోగ్రామింగ్‌గా ప్రసిద్ధి చెందింది. రవాణా సమస్యపై గవూరిన్ అనే గణితవేత్తతో కలిసి 1940లో రచించిన వ్యాసం 1949లో గాని వెలుగు చూడలేదు.

ఈ సమస్యలోని చిక్కును ఒక ఉదాహరణ ద్వారా గ్రహించవచ్చు. 'అ', 'ఆ' స్టేషన్లలో ఒక్కొక్క ఖాళీ బండి ఉన్నది. 'క', 'ఖ' స్టేషన్లకు ఒక్కొక్కటి కావాలి. 'అ' నుండి 'క' 100 కిలోమీటర్లు, 'ఖ' 150 కిలోమీటర్లు. 'ఆ' నుండి 'క' 200, 'ఖ' 400 కిలోమీటర్లు. దగ్గర కదా అని 'అ' లోని బండిని 'క' కు పంపితే, రెండవది 'ఖ' కు పోవలసి వచ్చి మొత్తం దూరం 500 అవుతుంది. మార్చి పంపితే 350 మాత్రమే. వందలాది స్టేషన్లున్నప్పుడు ఇట్లా ఊహించి చూడడం అసాధ్యం. అందుకు కాంటరోవిచ్ పద్ధతి ప్రతి స్టేషనుకూ ఒక విలువ కడుతుంది. కొరత ఉన్న చోట విలువ హెచ్చు, మిగులు ఉన్న చోట తక్కువ. రెండు స్టేషన్ల విలువల తేడా వాటి మధ్య దూరాన్ని మించితే ప్రణాళికను ఇంకా మెరుగుపరచవచ్చునని అర్థం.

ఈ విలువలే ఆయనకు చిక్కులు తెచ్చిపెట్టాయి. వస్తువు విలువకు శ్రమయే మూలమన్న మార్క్స్ సిద్ధాంతానికి ఇవి విరుద్ధమని విమర్శకులు భావించారు. స్టాలిన్ పాలనలో అటువంటి నింద ప్రాణాపాయకరం. 1942లో యుద్ధకాలంలో ఆయన రచించిన ఆర్థిక గ్రంథం 1959 దాకా అచ్చు కాలేదు. ఆయన కొంతకాలం ఆర్థిక విషయాలకు దూరంగా ఉండి శుద్ధగణితంలోను, గణన విధానాలలోను కృషి చేశారే తప్ప తన సిద్ధాంతాన్ని విడనాడలేదు.

యుద్ధకాలంలోనే అమెరికాలో కూప్‌మన్స్ అనే ఆర్థికవేత్త, సరుకు దించి ఖాళీగా తిరిగివచ్చే ఓడలను పరిశీలిస్తూ, స్వతంత్రంగా ఇటువంటి భావాలనే ప్రతిపాదించారు. 1975లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతిని వీరిద్దరూ పంచుకున్నారు. 1986 ఏప్రిల్ 7న కాంటరోవిచ్ మాస్కోలో కన్నుమూశారు.

పరిమిత వనరులను వృథా చేయక వినియోగించడమే ఆయన జీవితాశయం. అధికారం అంగీకరించకపోయినా సత్యాన్ని ఓర్పుతో కాపాడుకొన్న ఆయన జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం.