దిక్కులేనివారికి గృహము: పండిత రమాబాయి

1870వ దశకపు నడుమ, మద్రాసు రాజధాని కరవుతో అల్లాడుచున్న దినములలో, తిరుపతి ప్రాంతపు అడవిలో ఒక బ్రాహ్మణ కుటుంబము చనిపోవుటకై కూర్చుండియుండెను. చూపు కోల్పోయిన వృద్ధుడగు తండ్రి, తల్లి, కుమారుడు, ఇద్దరు కుమార్తెలు. నగలు అమ్మిరి, వస్త్రములు అమ్మిరి, ఇత్తడి పాత్రలును అమ్మిరి. తుదకు బియ్యపు గింజ కూడ మిగులలేదు. భిక్షమెత్తుటకు గాని కూలిపని చేయుటకు గాని వారి కులగౌరవము ఒప్పుకొనలేదు. పదునొకండు పగళ్లు, పదునొకండు రాత్రులు వారు నీళ్లును ఆకులును అడవి ఈతపండ్లును తిని ప్రాణములు నిలుపుకొనిరి. ఆ కుటుంబములో కడగొట్టు కుమార్తెయే తరువాత లోకము పండిత రమాబాయి యని ఎరిగిన స్త్రీ. అప్పటికి ఆమెకు ఇరువదియేండ్లైనను నిండలేదు.

ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత విద్వాంసుడు. స్త్రీలకు సంస్కృతము నేర్పరాదను కట్టుబాటును కాదని, తన భార్య లక్ష్మీబాయికి తానే నేర్పెను. అందుకు కలిగిన విరోధము వలన ఊరు విడిచి, పడమటి కనుమలలోని గంగామూల అడవిలో ఇల్లు కట్టుకొనెను. 1858 ఏప్రిల్ 23న రమాబాయి అక్కడనే జన్మించెను. వచ్చిన అతిథినెల్ల ఆదరించుటలో ఆయన ఆస్తి హరించుకొని పోయెను. ఆరు నెలల పసికందును వెదురుబుట్టలో పెట్టి కూలివాని తలకెత్తి, ఆ కుటుంబము యాత్రకు బయలుదేరెను. ఆ తరువాత చాల యేండ్ల వరకు రమాబాయికి సొంత ఇల్లనునది లేదు. పుణ్యక్షేత్రములే ఊళ్లు, గుడి మంటపములే గదులు, పురాణము చదువగా వినువారు ఇచ్చినదే భోజనము.

తండ్రి పుణ్యతీర్థములో మునిగి ప్రాణము విడువ నిశ్చయించుకొనగా, కుమారుడు శ్రీనివాసుడు కులగర్వము విడిచి కూలిపని యైనను చేసి అందరిని పోషింతునని అడ్డుపడెను. ఆ మాట చాల ఆలస్యముగా వచ్చెను. కొన్ని దినములలోనే తండ్రి కన్ను మూసెను. కొన్ని వారములకు రాయచూరులో తల్లియు మరణించెను. శ్మశానము దూరము, పాడె మోయుటకు నలుగురు కావలెను. జాలిగొని ముందుకు వచ్చినవారు ఇద్దరే. మూడవ కొమ్ము అన్న ఎత్తుకొనగా, నాలుగవది రమాబాయి ఎత్తుకొనెను. ఆమె పొట్టిది గనుక పాడె భుజమునకు అందలేదు, తలమీద మోసెను. ఇల్లు లేనివానికి బ్రతుకులోనే కాదు, చావులోను చోటు దొరకదని ఆమె ఏ గ్రంథములోను చదివి తెలిసికొనలేదు.

అక్కయు చనిపోయిన పిమ్మట అన్నాచెల్లెండ్రిద్దరును వేల మైళ్లు నడచి, 1878లో కలకత్తా చేరిరి. హుగ్లీ నది ఒడ్డున, బడ్జ్ బడ్జ్ మొదలుకొని ఎగువకు జనపనార మిల్లులు లేచుచున్న కాలమది. ఊరు విడిచి కూలి వెదకుకొనుచు వచ్చినవారితో ఆ తీరము నిండుచుండెను. తరువాతి దశాబ్దములలో మన తెలుగు కూలీలును అక్కడికి చేరిరి. రమాబాయి మాత్రము వేరొక ద్వారమున ప్రవేశించెను. ఆమె సంస్కృత పాండిత్యమునకు కలకత్తా పండితులు అచ్చెరువొంది, ఆమెకు పండిత, సరస్వతి యను బిరుదులిచ్చిరి. బిరుదులు వచ్చెను గాని ఇల్లు రాలేదు. 1880లో అన్న ఢాకాలో మరణించెను. అదే యేట ఆమె బిపిన్ బిహారీ దాస్ మేధావి యను న్యాయవాదిని కులాంతర వివాహము చేసికొని, అస్సాములోని సిల్చారులో మొదటిసారి తనదను ఇంట అడుగుపెట్టెను. ఆ ఇంటిలోనే ఆమెకు వంగభాషలోని లూకా సువార్త ప్రతి దొరికెను. ఆ సంసారము రెండేండ్లైనను నిలువలేదు. 1882 ఫిబ్రవరిలో భర్త కలరాతో మరణించెను. ఒడిలో పసిబిడ్డ మనోరమతో ఆమె మరల వీధిలో నిలిచెను.

ఈసారి ఆమెకు వేరొక పేరు కూడ చేరెను: విధవ. ఉన్నత కులపు విధవకు పుట్టినిల్లు భారమనును, అత్తవారిల్లు అపశకునమనును. పైకప్పు ఉండవచ్చును, అది ఆమె ఇల్లు కాదు. దీనిని రమాబాయి స్పష్టముగా గ్రహించెను. 1883లో ఇంగ్లండు వెళ్లి, అదే సంవత్సరము సెప్టెంబరు 29న కుమార్తెతో కూడ బాప్తిస్మము పొందెను. ఫుల్‌హామ్‌లో ఆంగ్లికన్ సహోదరీలు నడుపు ఆశ్రయ గృహమును చూచినప్పుడు ఆమె మనస్సు కదలెను. సంఘము వెలివేసిన స్త్రీలను అక్కడ అసహ్యించుకొనక ఆదరించుచుండిరి. వారెందుకట్లు చేయుచున్నారని అడుగగా, సమరయ స్త్రీని ఆదరించిన యేసును గూర్చి ఒక సహోదరి ఆమెకు వివరించెను. సిద్ధాంత విషయములలో ఆ సహోదరీలతో ఆమె పలుమార్లు వాదించినను (ఎవరిచేతను మాట పట్టించుకొను స్వభావము ఆమెది కాదు) ఆ దినము చూచినదానిని మరువలేదు.

అమెరికాలో మిత్రులు సమకూర్చిన ధనముతో 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనము తెరచెను. మరుసటి యేట అది పూనాకు మారెను. అక్కడ ఆచార నియమములను ఆమె గౌరవించెను; ఎవరినైనను మతము మార్చుకొమ్మని బలవంతపెట్టలేదు. అయినను, ఆమె తన గది తలుపు తెరచియుంచి ప్రార్థించుచుండగా బాలికలు వచ్చి కూర్చుండిరి. 1893లో పూనాలో గొప్ప అలజడి లేచి, పలువురు తమ పిల్లలను తీసికొనిపోయిరి. సదనము మూతపడలేదు.

అసలు పరీక్ష 1896-97 కరవుతో వచ్చెను. మధ్య పరగణాలలో వేలకొలది జనులు ఊళ్లు విడిచి రోడ్లమీద పడిరి. రమాబాయి బయలుదేరి, సహాయ శిబిరములను, బీదల గృహములను కన్నులార చూచెను. అక్కడ కప్పు ఉన్నది, గంజి ఉన్నది. దిక్కులేని బాలికకు రక్షణ మాత్రము లేదు. కావలివారే కాటువేయుచుండిరి. పిల్లలను చెడుపనులకు కొనిపోవు దళారులు ఆమెకంటె ముందే అక్కడికి చేరియుండిరి. తిరుపతి అడవి ఆమె కన్నులయెదుట మరల నిలిచెను. చేత ధనము లేదు. బోస్టను సంఘము వాగ్దానము చేసిన పదియేండ్లును ముగియవచ్చెను. అయినను వందలకొలది బాలికలను ఆమె కూడగట్టి, సుమారు 300 మందిని తన యొద్ద ఉంచుకొని, మిగిలినవారిని ఇతర మిషనులకు అప్పగించెను.

తీసికొనివచ్చుట సులభము, ఉంచుట కష్టము. పూనాలో ప్లేగు వ్యాపించియుండుటచేత అధికారులు వారిని నగరములో ఉండనియ్యలేదు. పూనాకు సుమారు 40 మైళ్ల దూరమున కేడ్గాఁవ్‌లో ఆమె ముందుగానే కొన్న పొలముండెను. అచ్చట గుడారములు వేసి, బాలికలను దింపెను. ఎముకలగూళ్లైన ఆ పిల్లలు ఒకరి తిండి ఒకరు లాగుకొనుచు, కసరుకొనుచు, రోగములతో మూలుగుచుండిరి. కొందరు కోలుకొనకయే చనిపోయిరి. మొదట బావులు త్రవ్వించెను. నీరు లేనిదే ఇల్లు నిలువదు గదా. 1898లో ముక్తి సదనము వెలసెను. ఇటుక కట్టడముల వెంబడి మగ్గములు, నూనె గానుగ, పాలశాల, కూరగాయల తోట, అచ్చుకూటము పుట్టెను. చదువు ఒక పూట, పని ఒక పూట. దానము తిని కూర్చుండిన పిల్ల ఎల్లకాలము అతిథియే; తాను దున్నిన నేల, తాను నేసిన వస్త్రము ఉన్న పిల్లయే ఇంటిబిడ్డ. రమాబాయి పద్ధతిలో మిక్కిలి విలువైనది ఇదేయని చెప్పవలెను. 1899లో చెడిన స్త్రీలని లోకము త్రోసివేసిన వారికొరకు కృపా సదనము ఏర్పడెను. మనోరమ అంధబాలికలకు బ్రెయిలీ లిపిలో చదువు నేర్పెను. 1900 నాటి గుజరాతు కరవు పిమ్మట ఆవరణములోని వారి సంఖ్య రెండువేలకు చేరువయ్యెను. కులము అడుగువారు అక్కడ లేరు.

కడపటి యేండ్లలో ఆమె మరియొక పనికి పూనుకొనెను. ప్రచారములో నున్న మరాఠీ బైబిలు పండితుల భాషలో నున్నది. పొలములోని స్త్రీకి అది కొరుకుడు పడదు. అందుచేత తానే హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని, మూలమునుండి సులభమైన మరాఠీలోనికి అనువదింప మొదలుపెట్టెను. సంస్కృత పండితులను ఓడించిన స్త్రీ, కూలివారి మాటలను ఏరుకొనుచు ఏండ్లకొలది కూర్చుండెను. 1921 జూలైలో మనోరమ మరణించెను. చెవుడు, నీరసము పైబడుచుండగా తల్లి అచ్చుప్రతులు దిద్దుచునే యుండెను. 1922 ఏప్రిల్ 5న ఆమె నిద్రించెను. కరవునాడు గుడారములలో దిగిన బాలికలు పని నేర్చిన ఆ ముక్తి అచ్చుకూటమునుండియే, 1924లో ఆ సంపూర్ణ బైబిలు వెలువడెను.