నట్లూ బోల్టుల ఫ్రాంక్ హార్న్‌బీ

మాది తనకల్లు. ధర్మవరం-పాకాల రైలు లైను మా ఊరి మీదుగానే పోతుంది. అది మీటర్‌గేజ్‌గా ఉన్న రోజుల్లో మా జేజినాయన దానిమీద గ్యాంగ్‌మన్‌గా పనిచేశాడు. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఆయనకి చూపిద్దామని ఒక ప్లైవుడ్ స్టీమ్ ఇంజన్ కిట్ కొని, రెండు రోజులు కూర్చొని జిగురుతో అతికించాను. చక్రాలు తిరగలేదు!

జేజినాయనకి చూపు తగ్గింది. అయినా చేత్తో తడిమి ఒక్క నిమిషంలో తప్పు పట్టేశాడు. ఒక పక్క రాడ్ ఈ కొసకి వచ్చినప్పుడు రెండో పక్కది పైనో కిందో ఉండాలట. అంటే 90 డిగ్రీల తేడా. అది లేకపోతే అసలు ఇంజన్ కూడా ఒక్కోచోట ఆగితే మళ్లీ కదల్లేదు. నేను రెండు పక్కలా ఒకేలా పెట్టేశాను. సరిచేద్దామని హాస్టల్‌కి తెచ్చి చక్రం పీకితే ఇరుసు విరిగింది. ఫోన్ చేసినప్పుడల్లా ఇంజన్ తిరుగుతోందా అని అడుగుతాడు. ప్రాజెక్టులున్నాయని తప్పించుకుంటున్నా.

ఇంకో కిట్ కోసం వెతుకుతుంటే ఫ్రాంక్ హార్న్‌బీ కథ దొరికింది.

ఆయన 1863లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పుట్టాడు. 16 ఏళ్లకే బడి మానేశాడు. ఇంజనీరింగ్ చదవలేదు. మాంసం దిగుమతి చేసే ఒక వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాడు. ఇంటికొచ్చాక కొడుకుల కోసం రేకు ముక్కలు కత్తిరించి బొమ్మలు చేసేవాడు. ప్రతి బొమ్మకీ కొత్తగా ముక్కలు కోయాలంటే ఎంత పని! అందుకే అన్ని ముక్కలకీ అర అంగుళానికొకటి చొప్పున ఒకే సైజు రంధ్రాలు పెట్టాడు. ఇక ఏ ముక్కనైనా ఇంకో ముక్కకి బోల్టుతో బిగించొచ్చు. వంతెన విప్పేసి క్రేన్ చేసుకోవచ్చు. మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే, ఇంటర్‌ఫేస్ ఒక్కటే, ప్రోగ్రాములు ఎన్నైనా.

పేటెంట్‌కి డబ్బుల్లేక యజమాని దగ్గరే 5 పౌండ్లు అప్పు తీసుకున్నాడు. 1901లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టేసరికి ఆయనకి 37 ఏళ్లు. తర్వాత ఆ యజమానే పార్ట్‌నర్ కూడా అయ్యాడు. 1907లో ఆ బొమ్మలకి మెకానో అని పేరు పెట్టారు. 1914లో లివర్‌పూల్ బిన్స్ రోడ్‌లో పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది.

1920లో హార్న్‌బీ రైళ్లు మొదలయ్యాయి. కీ ఇస్తే పట్టాలమీద పరిగెత్తే స్టీమ్ ఇంజన్ బొమ్మలవి. మొదట వచ్చిన వాటిని కూడా మెకానోలాగే నట్లూ బోల్టులతో బిగించారు. పిల్లలు వాటిని పూర్తిగా విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. 1931లో ఆయన ఎంపీ కూడా అయ్యాడు. 1936 సెప్టెంబరులో చనిపోయాడు. ఆయన పేరుతో మోడల్ రైళ్లు ఇప్పటికీ వస్తున్నాయి.

నాకు నచ్చింది ఆ బోల్టే. బిగించేవాడు ఎక్కడో తప్పు చేస్తాడు, అప్పుడు విప్పుకోవడానికి దారి ఉండాలి. లెక్కలు రాసుకునే మనిషికి తట్టిన ఈ మాట, కోడ్‌లో రోజూ అన్‌డూ కొట్టే నాకు తట్టలేదు.

నిన్న జేజినాయనకి ఫోన్ చేసి ఇంజన్ విరిగిందని చెప్పేశాను. నవ్వాడు. సంక్రాంతికి ఊరికెళ్లేటప్పుడు చక్రాలకి చిన్న బోల్టులుండే కిట్ తీసుకెళ్తాను. ఆ 90 డిగ్రీలు ఆయనే తడిమి పెడతాడు, నేను స్పానర్ పట్టుకుంటాను.